డెట్టాల్ వాసన వచ్చిందని పారబోయకండి

పోయిన నెల ఈ పేజీలో సింగిల్ మాల్ట్ స్కాచ్ అంటే ఏందో నాలుగు ముక్కలు రాశాం. ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతో మాత్రమే, పాట్ స్టిల్స్ అనే రాగి బానల్లో కాచి, స్కాట్లాండ్‌లోనే కనీసం 3 ఏళ్లు ఓక్ పీపాల్లో ఉంచి, 40 శాతం ఆల్కహాల్‌కి తగ్గకుండా సీసాలో పోస్తేనే ఆ పేరు పెట్టుకోవాలని చెప్పాం. దానికి వచ్చిన మెయిల్స్ చూస్తే మనవాళ్లలో చాలామందికి ఒకటే బాధ, ఫారిన్ నుంచి వచ్చిన సీసా మూత తీస్తే పొగ వాసన, ఆస్పత్రి వాసన. అందుకే ఈసారి పేజీ మొత్తం ఆ పొగకే ఇచ్చేశాం, అలవాటు లేనివాళ్లు పేజీ తిప్పేయండి, ఏం అనుకోం.

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి, ఎం.ఆర్.పల్లి సైడు. మా బావమరిది లండన్ నుంచి వస్తా ఒక స్కాచ్ తెచ్చినాడు. ఆదివారం నలుగురం కూర్చోని మూత తీస్తే ఒకడు డెట్టాల్ అన్నాడు, ఇంకొకడు ఫినాయిల్ అన్నాడు, మా మామ అయితే యాడో కరెంటు వైరు కాలతా ఉండాదని లేచి స్విచ్ బోర్డు చూసొచ్చినాడు. రంగు కూడా బాగా లేత, నీళ్లు కలిపినట్టు ఉండాది. లేబుల్ మీద ఐలా అని, 10 ఏళ్లు అని, 46 శాతం అని ఉండాది, సీసా ముదురు ఆకుపచ్చ. ఇది డూప్లికేటా, లేకపోతే పాడైపోయిందా? బావమరిదిని అడిగితే ఫీలవుతాడు.
– పేరు వద్దన్న పాఠకుడు, తిరుపతి

జవాబు: ఫీలవుతాడు కాబట్టి అడగొద్దు, అడగాల్సిన పని కూడా లేదు. ఐలా, 10 ఏళ్లు, 46 శాతం, ఆకుపచ్చ సీసా, ఇవన్నీ కలిపి చూస్తే అది ఆర్డ్‌బెగ్ టెన్ అయ్యుండాలి. 1815లో మొదలైన డిస్టిలరీ, స్కాట్లాండ్ పడమటి తీరానికి ఎదురుగా సముద్రంలో ఉండే ఐలా అనే ద్వీపంలో దక్షిణం ఒడ్డున ఉంటుంది. అదే రోడ్డు మీద లఫ్రోయిగ్, లాగవూలిన్ కూడా ఉంటాయి, ఒక్కోదాని నుంచి ఇంకోదానికి నడిచే పోవచ్చు, మూడూ పొగ విస్కీలకు పేరు పడ్డవే. దొంగ సరుకు తయారుచేసేవాడు జనానికి నచ్చే వాసన తెస్తాడు గానీ మీ మామను స్విచ్ బోర్డు దగ్గరికి పరిగెత్తించే వాసన కష్టపడి ఎందుకు తెస్తాడు చెప్పండి.

ఇంకో విషయం, మీ ఇంట్లో ఎవరి ముక్కూ తప్పు చెప్పలేదు. బార్లీని ఆరబెట్టడానికి కాల్చే పీట్ అనే మట్టిలాంటి ఇంధనం పొగలో ఫినాల్, క్రెసాల్, గ్వయకాల్ అనే పదార్థాలు ఉంటాయి, అన్నీ ఒకే కుటుంబం. మన పాత ఆస్పత్రుల వాసన అంటే అదే కుటుంబం వాసన, డెట్టాల్‌లో పనిచేసే మందు కూడా ఆ జాతిదే. దీనికి స్కాట్లాండ్‌లోనే ఒక కథ ఉంది. 1865లో గ్లాస్గో ఆస్పత్రిలో జోసెఫ్ లిస్టర్ అనే సర్జన్ దగ్గరికి బండి చక్రం ఎక్కి కాలు విరిగిన 11 ఏళ్ల పిల్లాడిని తెచ్చారు, చర్మం చీలిన ఫ్రాక్చర్. మన దగ్గరైతే నేరుగా పుత్తూరు కట్టుకి తీసుకుపోయేవాళ్లు. ఆ రోజుల్లో అట్లాంటి గాయానికి చీము పట్టి కాలే తీసేసేవాళ్లు, లిస్టర్ మాత్రం కార్బాలిక్ యాసిడ్‌లో తడిపిన గుడ్డతో కట్టు కట్టాడు, కాలు నిలిచింది. ఆ కార్బాలిక్ యాసిడ్‌కే ఇంకో పేరు ఫినాల్. ఆస్పత్రులకు ఆ వాసన అట్లా అంటుకుంది, మీ గ్లాసులోకి మాత్రం వేరే దారిలో వచ్చింది.

ఆ దారి ఏందంటే, ఐలాలో చెట్లు తక్కువ, బొగ్గు గనుల్లేవు, నేలలో చాలా భాగం తడి నేల. నాచు, గడ్డి, హెదర్ అనే చిన్న పొదలు నీళ్లల్లో పూర్తిగా కుళ్లిపోకుండా వేల ఏళ్లు ఒకదాని మీద ఒకటి పేరుకుని నల్లటి మెత్తటి మట్టిలాగా తయారవుతాయి, దాన్నే పీట్ అంటారు. ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది, అంటే మీటరు లోతు తవ్వారంటే వెయ్యేళ్లు తవ్వినట్టు. దాన్ని ఇటుకల్లాగా కోసి, గాలికి ఆరబెట్టి, ఇళ్లల్లో పొయ్యిలోకీ అదే, విస్కీ బట్టీలోకీ అదే వాడారు. రైళ్లు వచ్చాక స్కాట్లాండ్ ప్రధాన భూభాగంలో చాలా డిస్టిలరీలు బొగ్గుకి మారిపోయాయి, వాళ్ల విస్కీలో పొగ తగ్గింది. ఐలా వాళ్లు మాత్రం పొగతోనే ఉండిపోయారు, తర్వాత అదే వాళ్ల పేరయింది. అట్లాగని ఐలా అని రాసున్న ప్రతి సీసా పొగ కొడుతుందని కాదు, అదే ద్వీపంలో బున్నహావన్, బ్రూక్‌లాడీ అనే డిస్టిలరీల మామూలు విస్కీల్లో పొగ వాసనే ఉండదు.

బార్లీని నానబెట్టి మొలకెత్తించాక ఆ మొలకను సమయానికి ఆపాలి, లేకపోతే గింజలో ఉన్న పిండి మొత్తం మొక్కే తినేస్తుంది, మనకు ఆల్కహాల్ చేసుకోవడానికి ఏం మిగలదు. ఆపడం అంటే ఆరబెట్టడమే. కిల్న్ అనే గదిలో చిల్లులున్న నేల మీద తడి గింజలు పరిచి కింద పీట్ రాజేస్తారు, మంట పెద్దది కానివ్వరు, వాళ్లకు కావాల్సింది వేడి కంటే పొగ. గింజ పైన తడి ఉన్నప్పుడే పొగ బాగా పడుతుంది, ఆరిపోయిన గింజకు ఎంత పొగబెట్టినా పెద్దగా ఎక్కదు. చిత్తూరు పల్లెల్లో గానుగ దగ్గర చెరుకు పిప్పి మంట మీద బెల్లం కాగేటప్పుడు కాసేపు నిలబడి ఇంటికొస్తే చొక్కాకి వాసన పట్టుకుని ఉంటుంది చూడండి, గింజకూ అదే జరుగుతుంది. కాకపోతే ఇక్కడ పట్టిన వాసన ఆ గింజను మర ఆడించి, వేడి నీళ్లల్లో కలిపి, పులియబెట్టి, రెండుసార్లు కాచి, 10 ఏళ్లు పీపాలో పెట్టినా కూడా పోలేదు.

రంగు సంగతి. పీపా నుంచి వచ్చేదే రంగు. ఆర్డ్‌బెగ్ టెన్‌ని అమెరికా బోర్బన్ విస్కీ పోసి ఖాళీ చేసిన పీపాల్లో ఉంచుతారు, వాటిల్లో 10 ఏళ్లున్నా లేత గడ్డి రంగే వస్తుంది. షెర్రీ అనే స్పెయిన్ వైన్ పోసిన పీపాలైతే ముదురుగా వస్తుంది. ఇంకా కారమెల్ రంగు కొంచెం కలుపుకోవడానికి స్కాచ్ చట్టమే ఒప్పుకుంటుంది, కాబట్టి ముదురుగా ఉంటే పాతది, లేతగా ఉంటే నీళ్లు అనే లెక్క మర్చిపోండి.

ఇప్పుడు మళ్లీ ఆ సీసా తీయండి, ఈసారి నలుగురు కాదు, ఓపికున్న ఇద్దరు చాలు. 30 ఎం.ఎల్., అంటే చిన్న పెగ్గు, కింద కొంచెం ఉబ్బి పైన మూతి సన్నగా ఉండే గ్లాసు దొరికితే అందులో, దొరక్కపోతే ఇంట్లో ఉన్న చిన్న గాజు గ్లాసులో పోయండి. ఐస్ వద్దు, సోడా అస్సలు వద్దు. ఓ పది నిమిషాలు అట్లా వదిలేయండి. ముక్కు గ్లాసులో దూర్చి గట్టిగా పీల్చడం మనవాళ్లు చేసే మొదటి తప్పు, 46 శాతం స్పిరిట్ ముక్కును మొద్దుబార్చేస్తుంది, ఇక తర్వాత ఏం పోసినా తెలీదు. గ్లాసుని గడ్డం దగ్గర పట్టుకుని, నోరు కొంచెం తెరిచి మెల్లగా గాలి తీసుకోండి. మొదట వచ్చేది ఆస్పత్రే, దాన్ని రానివ్వండి, పోనివ్వండి. రెండోసారి, మూడోసారి ముక్కు ఆ పొగకి అలవాటు పడి దాన్ని పక్కన పెట్టేస్తుంది, అప్పుడు కింద దాక్కున్నవి బయటికి వస్తాయి. నిమ్మతొక్క వస్తుంది, వనిల్లా వస్తుంది, కొంచెం మిరియాల ఘాటు, సముద్రం ఒడ్డున ఉండే ఉప్పుగాలి వస్తాయి.

మొదటి గుక్కతో రుచి చూడకండి, అది నోరు అలవాటు చేసుకోవడానికి. చెంచాడు కూడా అక్కర్లేదు, నాలుక మీద వేసుకుని అటూ ఇటూ తిప్పి మింగేయండి, మంట దిగేదాకా ఆగండి. రెండో గుక్కలో మీకు ఆశ్చర్యం వేసేది తీపి. ఇంత పొగ కొట్టే దాంట్లో ఈ తీపి ఏందబ్బా అనిపిస్తుంది, నాకైతే ఈ విస్కీలో నచ్చేదే అది. మింగాక నోరు మూసుకుని ముక్కుతో గాలి వదలండి, పొగ మళ్లీ వెనకనించి పైకి వస్తుంది, గ్లాసులో చూసిన వాసన కంటే ఇది మెత్తగా ఉంటుంది, చాలాసేపు ఉంటుంది.

తర్వాత నీళ్లు. బాటిల్ నీళ్లే వాడండి, మన బోరు నీళ్ల ఉప్పదనం ఇందులో కలిస్తే రుచి చెడిపోతుంది. టీస్పూనుతో కొంచెం కొంచెంగా వేయండి. 30 ఎం.ఎల్.లో ఒక టీస్పూను, అంటే 5 ఎం.ఎల్. నీళ్లు పడితే 46 శాతం కాస్తా 39కి దిగుతుంది, ఇక ఆపేయొచ్చు. నీళ్లు పడగానే గ్లాసులో నూనె తీగల్లాంటివి మెలికలు తిరుగుతా కనపడతాయి, వెలుతురుకి పెట్టి చూడండి, అదొక సరదా. వాసన కూడా మారుతుంది. 2017లో స్వీడన్‌లో ఇద్దరు శాస్త్రవేత్తలు కంప్యూటర్ లెక్కలు వేసి చూస్తే, ఆల్కహాల్ శాతం ఎక్కువ ఉన్నప్పుడు గ్వయకాల్ ఆల్కహాల్‌తో చుట్టుకుని లోపలే ఉంటుందట, నీళ్లు కలిసే కొద్దీ పైకి, గాలి తగిలే చోటికి వస్తుందట. ముక్కుకి అందేది పైన ఉన్నదే కదా.

ఇదంతా చేశాక కూడా నచ్చకపోతే సీసా మీ బావమరిదికే తిరిగి పోసి తాగించండి. పొగ అందరికీ పడాలని రూలేం లేదు, ఖరీదు ఎక్కువ కాబట్టి నచ్చి తీరాలన్నది అంతకంటే లేదు.

ప్రశ్న: ఇట్లాంటిదే ఒక సీసాలో ఐస్ వేస్తే విస్కీ మసకబారి పోయింది సార్. మా ఫ్రెండ్ కల్తీ అని తేల్చేశాడు, నిజమేనా?
– శ్రీకాళహస్తి నుంచి ఒకరు

జవాబు: కాదు, పైగా మంచి గుర్తు. విస్కీలో సహజంగా కొన్ని కొవ్వు జాతి పదార్థాలు ఉంటాయి, ఆల్కహాల్ ఎక్కువ ఉన్నంతసేపూ అవి కరిగి ఉంటాయి, చల్లబడినా నీళ్లు కలిసినా కరగలేక మబ్బులాగా తేలతాయి. చూసేవాళ్లకు బాగోదని చాలా కంపెనీలు సీసాలో పోసే ముందే విస్కీని చల్లబరిచి వడకడతాయి, అదే చిల్ ఫిల్ట్రేషన్. అట్లా వడకట్టని విస్కీలను సాధారణంగా 46 శాతం దగ్గర గానీ అంతకంటే పైన గానీ సీసాల్లో పోస్తారు, ఆ శాతంలో మామూలు చల్లదనానికి మసకబారదు. ఐస్ వేస్తే మాత్రం మబ్బు పడుతుంది. మీ ఫ్రెండ్‌కి చెప్పండి, మసక తప్పు కాదు, ఐస్ తప్పు, చలికి వాసనలు లేవకుండా అణిగిపోతాయి, ఇంత పొగ విస్కీకి పెట్టిన డబ్బులో సగం ఐసులోనే పోతుంది.

ప్రశ్న: ఎస్వీ యూనివర్సిటీలో కెమిస్ట్రీ చదువుకున్నా, ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నా. ఈ విస్కీల మీద పీపీఎం అని అంకెలు రాస్తారు కదా, అంకె ఎంత పెద్దదైతే అంత పొగ అని అర్థమా? ఒకదానికి 300 దాటిందని విన్నా, అది తాగితే ఏమవుతుంది?
– తిరుపతి నుంచి

జవాబు: కెమిస్ట్రీ వాళ్లు అడిగారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాం. ఆ పీపీఎం ఫినాల్స్ లెక్క, పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలు అని. కానీ కొలిచేది పొగబెట్టిన బార్లీలో, సీసాలో ఉన్న విస్కీలో కాదు. ఈ ఒక్క ముక్క తెలియక జనం అంకెలకు డబ్బులు పోస్తుంటారు. గింజ నుంచి గ్లాసుకి వచ్చేలోపు ఎంత పోతుందంటే, మర ఆడించాక పొట్టు, పిప్పితో కొంత వెళ్లిపోతుంది, పులిసేటప్పుడు కొంత, కాచేటప్పుడు ఇంకా చాలా.

కాచడం దగ్గరే అసలు తేడా వస్తుంది. స్టిల్‌లోంచి మధ్యలో వచ్చేది మాత్రమే తీసుకుంటారు, మొదట వచ్చేదీ చివర వచ్చేదీ మళ్లీ తిరిగి కాచడానికి పెట్టుకుంటారు. బరువైన పొగ పదార్థాలు వెనక వెనకగా వస్తాయి, కాబట్టి ఆ మధ్య భాగాన్ని ఎప్పుడు ఆపుతారనే దాన్ని బట్టి పొగ ఎంత వస్తుందో తేలిపోతుంది. స్టిల్ ఆకారం కూడా ఉంది. లాగవూలిన్, కల్ ఈలా అనే రెండు ఐలా డిస్టిలరీలూ ఒకే కంపెనీవి, రెండింటికీ పొగబెట్టిన బార్లీ పోర్ట్ ఎలెన్ అనే ఊళ్లో ఉన్న ఒకే మాల్టింగ్స్ నుంచి, అంటే బార్లీని మొలకెత్తించి ఆరబెట్టే ఫ్యాక్టరీ నుంచి వస్తుంది, అంకె కూడా ఇంచుమించు 35 దగ్గరే. గ్లాసులో పోసి చూస్తే లాగవూలిన్ బరువుగా, జిడ్డుగా, తియ్యగా ఉంటుంది, కల్ ఈలా తేలిగ్గా, శుభ్రంగా, నిమ్మ వైపు ఉంటుంది. ఒకే బార్లీ, ఇద్దరు మనుషులు అనిపిస్తుంది. ఆర్డ్‌బెగ్ అంకె 55 దగ్గర ఉంటుంది గానీ అక్కడ రెండోసారి కాచే స్పిరిట్ స్టిల్‌కి ప్యూరిఫయర్ అని ఒక గొట్టం తగిలించి ఉంటుంది, బరువైన ఆవిర్లను వెనక్కి స్టిల్‌లోకే పంపిస్తుంది, అందుకే అంత పొగలోనూ ఆ పళ్ల తేలికదనం నిలబడుతుంది.

మీరు విన్నది బ్రూక్‌లాడీ వాళ్లు ఆక్టమోర్ పేరుతో చేసే వరస, అందులో ఒక సీసాకి 309 దాటిన బార్లీ వాడారు. తాగితే ఏమీ అవదు, అంకె లఫ్రోయిగ్ బార్లీకి సుమారు ఏడు రెట్లున్నా గ్లాసులో పొగ ఏడు రెట్లు ఉండదు. ఏళ్ల లెక్కా అంతే, పీపాలో ఉన్నకొద్దీ పొగ మెత్తబడి తగ్గుతుంది, ఒకే డిస్టిలరీ 10 ఏళ్లదీ 25 ఏళ్లదీ పక్కపక్కన పెడితే కుర్రదే ఎక్కువ పొగ కొడుతుంది. మీకు పొగే కావాలంటే పెద్ద అంకె, పెద్ద వయసు రెండింటికీ డబ్బు పోయాల్సిన పని లేదు.

ప్రశ్న: మాది చిత్తూరు, బెంగళూరులో ఐటీ జాబ్. ఆఫీసు పార్టీలో ఎవరో పీటెడ్ విస్కీ పోస్తే ఒక సిప్ తాగాను, నచ్చలేదు గానీ రెండ్రోజులు ఆ వాసనే గుర్తొస్తా ఉంది, మళ్లీ ట్రై చేయాలనుంది. అమ్మాయిలకు ఇది హార్డ్ అని మా టీమ్‌లో అన్నలు అంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: నచ్చకపోయినా రెండ్రోజులు గుర్తొచ్చిందంటే మీకు పట్టేసినట్టేనమ్మా. అన్నల మాట వదిలేయండి, ముక్కుకి ఆడ మగ ఏముంది, వాళ్లలో సగం మంది కోలాలో కలిపి తాగి హార్డ్ గురించి మాట్లాడతారు.

మొదలు పెద్ద పొగతో వద్దు. జానీ వాకర్ బ్లాక్ లేబుల్ చాలామంది తాగే ఉంటారు గానీ అందులో ఐలా పొగ సన్నగా ఉంటుందని గమనించి ఉండరు, నీళ్లూ ఐసూ లేకుండా నీట్‌గా పోసుకుని ఆ పొగను మాత్రమే వెతకండి. దొరికిందా, తర్వాత బోమోర్ 12 ఏళ్లది, 1779 నాటి డిస్టిలరీ, ఐలాలోనే ఉంటుంది గానీ పొగ నడిమధ్య రకం. లేదంటే ఐలాకి ఉత్తరాన ఉన్న స్కై ద్వీపం నుంచి వచ్చే టాలిస్కర్ 10, దాంట్లో పొగతో పాటు మిరియాల ఘాటు మనవాళ్లకు వెంటనే పట్టుకుంటుంది. ఆ తర్వాత లాగవూలిన్ 16. లఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్ ఆఖరికి. ఇవన్నీ సీసాలుగా కొనేయొద్దు, బెంగళూరులో మంచి బార్లలో 30 ఎం.ఎల్. అడిగితే పోస్తారు, ఒక సాయంత్రానికి ఒకటి, మహా అయితే రెండు. ఒకేసారి వరసగా నాలుగు పెట్టుకుంటే మూడోదాని నుంచి అన్నీ ఒకటే పొగ.

పైగా మీరున్న ఊళ్లోనే అమృత్ డిస్టిలరీ ఉంది కదా. వాళ్ల ఫ్యూజన్‌లో మన దేశం బార్లీతో చేసిందీ, స్కాట్లాండ్ నుంచి తెచ్చిన పొగబెట్టిన బార్లీతో చేసిందీ కలుపుతారు, పొగ మొత్తంగా మీద పడదు, కింద నుంచి వస్తుంది. అమృత్ పీటెడ్ అని పూర్తి పొగదీ ఉంది. స్కాట్లాండ్ చలిలో పీపాలోంచి ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతే బెంగళూరులో 10 శాతానికి పైనే పోతుంది, అంటే మన వాతావరణంలో విస్కీ తొందరగా ముదురుతుంది, సీసా మీద పెద్ద పెద్ద ఏళ్లు కనపడకపోవడానికి కారణం అదే. కాబట్టి ఏళ్లు రాయలేదని తక్కువగా చూడొద్దు, నా మాట అడిగితే మొదటి పొగ సీసా కొనేవాళ్లకు ఫ్యూజన్ కంటే తెలివైన బేరం లేదు.

ప్రశ్న: దీనికి మంచింగ్ ఏం పెట్టుకోవాలి? నాటుకోడి వేపుడు బాగుంటుందా?
– పలమనేరు

జవాబు: నాటుకోడి వేపుడు ఎప్పుడూ బాగుంటుంది, విస్కీయే బాగుండదు. కారానికి నోరు మండాక 46 శాతం పోస్తే మంట మీద మంట, నిమ్మ లేదు వనిల్లా లేదు. ఊరిబిండి, ఆవకాయ, గోంగూర వీటన్నిటినీ తర్వాత సంగటిలోకి దాచుకోండి. ఐలాలో అయితే పచ్చి ఆయిస్టర్ల మీద ఒక చుక్క విస్కీ వేసుకుని మింగుతారు, మనకు అది కుదరదు. ఉడకబెట్టిన చెనిక్కాయలు ఉప్పు తక్కువ వేసి, నిప్పుల మీద కాల్చిన చేప మసాలా లేకుండా, ఇవి బాగుంటాయి. అన్నిటికంటే బాగా కుదిరేది చిత్తూరు బెల్లం, రంగు వేయని ముదురుది చిన్న ముక్క నోట్లో పెట్టుకుని అది కరిగేటప్పుడు ఒక గుక్క తీసుకోండి. పార్టీలో ఇదేం మంచింగ్ అని నవ్వుతారు, నవ్వనివ్వండి, తర్వాత వాళ్లే ప్లేటు ఖాళీ చేస్తారు.

ప్రశ్న: ఈ మందు వాసన విస్కీ నిజంగా మందేనని, అమెరికాలో డాక్టర్లు రాసిచ్చేవాళ్లని మా మేనమామ అంటాడు. జలుబుకి పనిచేస్తుందా?
– పుత్తూరు

జవాబు: మీ మేనమామ చెప్పిన కథకి మూలం ఉంది. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్య నిషేధం, అప్పుడు డాక్టరు చీటీ ఉంటే మందుల షాపులో విస్కీ అమ్మేవాళ్లు, లఫ్రోయిగ్ కూడా ఆ దారిలోనే ఔషధం పేరుతో అక్కడికి చేరిందని చెప్తారు. వాసన చూసి అధికారులు నమ్మి ఉంటారు, ఎవరైనా నమ్ముతారు. జలుబుకి మాత్రం పనిచేయదు. ఇంకా చెప్పాలంటే జలుబు చేసినప్పుడు ఈ విస్కీ తీయడమే దండగ, ముక్కు పనిచేయకపోతే ఇందులో మిగిలేది ఆల్కహాల్ మంట ఒక్కటే.

ప్రశ్న: నాకు 19 ఏళ్లు, హాస్టల్లో ఉంటా. చీప్‌గా పీటెడ్ విస్కీ ఏదైనా చెప్పండి అన్నా.
– చంద్రగిరి

జవాబు: మన రాష్ట్రంలో 21 నిండాలి తమ్ముడూ. నిండాక రాయి, అప్పటికీ మేము ఇదే పేజీలో ఉంటే చెప్తాం.

ప్రశ్న: అమెరికా నుంచి వస్తున్నాం, ఎయిర్‌పోర్ట్ డ్యూటీ ఫ్రీలో రెండు సీసాలు తీసుకుని నేరుగా కారులో తిరుమల దర్శనానికి వెళ్తాం. సీల్ తీయని సీసాలు కారు డిక్కీలో ఉంటే పర్లేదు కదా?
– ఎన్నారై పాఠకులు

జవాబు: పర్లేదు కాదు సామీ, కొండ మీదికి మద్యం తీసుకుపోవడమే నిషేధం, సీల్ ఉందా లేదా అన్నది కాదు. అలిపిరి దగ్గర కార్లు, లగేజీ అన్నీ చెక్ చేస్తారు, అక్కడ లైన్లో నిలబడి ఇది సింగిల్ మాల్ట్ అని వివరించే పరిస్థితి తెచ్చుకోవద్దు. కింద తిరుపతిలో బంధువుల ఇంట్లో పెట్టి పోండి. విదేశం నుంచి వచ్చేవాళ్లకు పన్ను లేకుండా మనిషికి 2 లీటర్లే, అది దాటితే కస్టమ్స్‌కి కట్టాలి, అదీ గుర్తుంచుకోండి.

ప్రశ్న: మూత తీసిన సీసా ఎన్నాళ్లు ఉంటుంది? నేను నెలకొకసారి ఒక పెగ్గు తాగే మనిషిని. ఫ్రిజ్‌లో పెట్టాలా?
– చిత్తూరు, గ్రీమ్స్‌పేట

జవాబు: పాడవదు, కానీ పొగ తగ్గుతుంది. సీసా నిండుగా ఉన్నంతకాలం ఇబ్బంది లేదు, సగానికి దిగాక లోపల గాలి ఎక్కువై వాసనలు మెల్లగా పలచబడతాయి, ముందు పోయేది కూడా ఆ ఘాటు పొగే. సగం అయ్యాక బాగా కడిగి ఆరబెట్టిన చిన్న గాజు సీసాలోకి నిండా పోసి పెట్టుకోండి, నెలకొక పెగ్గు లెక్కకి అది చాలు. ఫ్రిజ్ అక్కర్లేదు గానీ మన ఎండాకాలంలో షోకేస్‌లో, కిటికీ పక్కన పెట్టొద్దు, బీరువాలో బట్టల వెనక పెట్టండి. సీసాని నిలబెట్టే ఉంచాలి, వైన్ సీసాలాగా పడుకోబెడితే ఇంత ఘాటు స్పిరిట్ కార్క్‌ని తినేస్తుంది, అది ముక్కలై గ్లాసులో పడుతుంది. అట్లా ఇప్పటికే పడి ఉంటే టీ వడకట్టే జల్లెడతో వడకట్టుకోండి, విస్కీకి ఏం కాదు.